తేలే గ్లోబు కొనే ముందు, అది పడిపోవడం చూపించండి

ప్రశ్న క్లుప్తంగా: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే ఒక మేడం గారు 9, 10 తరగతుల పిల్లల కోసం బల్ల మీద గాల్లో తేలే అయస్కాంత గ్లోబు కొందామనుకుంటున్నారు. సొంత డబ్బు 3,000 రూపాయల వరకు పెట్టగలరు. ఏ రకం కొనాలి, దాంతో నిజంగా పాఠం చెప్పొచ్చా, లేక పిల్లలు చప్పట్లు కొట్టి ఊరుకుంటారా అని అడిగారు.

మేడం గారూ, నమస్కారం. మీ చివరి అనుమానంతోనే మొదలుపెడతాను. అవును, చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. నాకు అనుభవమే.

27 ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, చుట్టుపక్కల హైస్కూళ్ళకు సంచీ తగిలించుకుని వెళ్ళి ప్రయోగాలు చూపించడం అలవాటైంది. అందుకోసం మొట్టమొదట కొన్నది ఈ తేలే గ్లోబే. ఒక తొమ్మిదో తరగతిలో పెట్టాను. గాల్లో నిలబడగానే గది దద్దరిల్లింది. కింద నుంచి కాగితం పోనిచ్చాను, వేలితో తిప్పాను. మూడు నిమిషాలు సంబరం. తర్వాత "ఎందుకు తేలుతోందిరా?" అంటే వెనక బెంచీ నుంచి "లోపల అయస్కాంతం ఉంది సార్" అని జవాబొచ్చింది. అందరూ తలలూపారు. అంతే, అయిపోయింది. గారడీ చూసి ఇంటికి పోయినట్టు పోయారు.

కొన్నాళ్ళకు ఇంకో ఊళ్ళో అదే గ్లోబు పెట్టి చెబుతుంటే కరెంటు పోయింది. గ్లోబు పక్కకు జారి, తిరగబడి, టక్కుమని పీటకు అతుక్కుంది. నేను లోపల విసుక్కుంటూ దాన్ని పీకుతుంటే ముందు బెంచీ అమ్మాయి లేచి, "అయస్కాంతానికి కరెంటుతో పనేంటి సార్? కరెంటు పోతే అయస్కాంతం పోదు కదా?" అంది. నేను చెప్పాల్సిన పాఠమంతా ఆ ప్రశ్నలో ఉంది. అప్పటినుంచి తేలించడం చివరికి పెట్టుకున్నాను. ముందు పడేయడమే.

మీరూ గ్లోబు ఆర్డరు పెట్టే ముందు ఒక పీరియడ్ ఇలా చేసి చూడండి. నలుగురికో జత చొప్పున చిన్న నల్లటి రింగు అయస్కాంతాలు ఇవ్వండి. ఫెర్రైటువి చాలు, చవక. వికర్షించుకునేలా పట్టుకుని, ఒకదాని మీద ఒకటి గాల్లో నిలబెట్టినవాళ్ళకు 100 రూపాయలు బహుమతి అనండి. దారం, కర్ర, గోడ, వేలు ఏదీ వాడకూడదు. నేను ఇన్నేళ్ళలో ఒక్క వంద కూడా పోగొట్టుకోలేదు. పది నిమిషాలు పెనుగులాడతారు. ప్రతిసారీ ఎలా పడిందో నోటుబుక్కులో రాయమనండి: పక్కకు జారిందా, తిరగబడి అతుక్కుందా? ఈ రెండే వస్తాయి. అప్పుడు రింగుల మధ్యలోంచి పెన్సిల్ దూర్చమనండి. పై రింగు హాయిగా తేలుతుంది. "పెన్సిల్ దాన్ని పైకి ఎత్తుతోందా?" అని అడగండి. లేదు. జారకుండా, తిరగబడకుండా ఆపుతోంది, అంతే. ఎత్తే బలం అయస్కాంతానికి ముందునుంచీ ఉంది. లేనిది నిలకడ. ఈ రెంటికీ తేడా పిల్లలకు చేతితో తెలిసిపోతే సగం పాఠం అయిపోయినట్టే. సూదంటురాయి అని మన పెద్దలు పెట్టిన పేరులోనే అంటుకోవడం ఉంది. అంటుకోకుండా, పారిపోకుండా మధ్యలో నిలబడమంటేనే దానికి కష్టం.

ఆ కష్టానికి ఒక పేరుంది. ఇంగ్లండులో చర్చి బోధకుడిగా ఉంటూ గణితం చేసిన శామ్యూల్ ఎర్న్‌షా 1842లో ప్రచురించిన పత్రంలో ఇది నిరూపించాడు. దూరం వర్గానికి విలోమంగా తగ్గే బలాలతో మాత్రమే, కదలని వస్తువుల మధ్య, ఏ వస్తువునూ స్థిరంగా నిలబెట్టలేం. ఆయన ఆలోచించింది ఈథర్ గురించి, అంటే కాంతి దేనిలోంచి ప్రయాణిస్తుందని అప్పట్లో అనుకునేవారో ఆ మాధ్యమం గురించి, బొమ్మల గురించి కాదు. కానీ స్థిర అయస్కాంతాలకూ అదే వర్తిస్తుంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ కోరిక ఉండేది. అలెగ్జాండ్రియాలో రాణి ఆర్సినోయే గుడికి సూదంటురాయితో కప్పు వేసి, ఆమె ఇనుప విగ్రహాన్ని గాల్లో వేలాడేలా చేయాలని ఒక వాస్తుశిల్పి మొదలుపెట్టాడనీ, పూర్తికాకముందే చనిపోయాడనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. బతికున్నా అయ్యేది కాదు. పిల్లలకు ఈ కథ చెప్పి "ఎందుకు కాదు?" అని అడగండి, బాగా పట్టుకుంటారు.

పదో తరగతికి ఎర్న్‌షా సిద్ధాంతాన్ని లెక్కలో చెప్పాలంటే నేను ఇలా చెబుతాను. తేలే అయస్కాంతం వంగకుండా నిటారుగానే ఉందనుకోండి. దాన్ని మూడు దిక్కుల్లో మూడు స్ప్రింగులు పట్టుకున్నాయనుకోండి. పైకీ కిందికీ ఒకటి, ఎడమకూ కుడికీ ఒకటి, ముందుకూ వెనక్కీ ఒకటి. మామూలు స్ప్రింగు కదిపితే వెనక్కి లాగుతుంది, దాని స్థిరాంకం ధనాత్మకం. కదిపితే ఇంకా దూరంగా నెట్టేసేదాన్ని రుణాత్మకం అందాం. స్థిర అయస్కాంతాలతో ఎలా పేర్చినా ఆ మూడు స్థిరాంకాల మొత్తం సున్నా అవుతుంది. కింద రింగు, పైన బిళ్ళ పెట్టి నెట్టించే అమరికలో నిలువు దిక్కుకు +2 వచ్చిందంటే, రెండు అడ్డ దిక్కులకు -1, -1 వస్తాయి. నిలువుగా గట్టి, అడ్డంగా జారుడు. పై నుంచి అయస్కాంతం లాగి పట్టుకునే అమరికలో గుర్తులు తారుమారు. అడ్డంగా +1, +1, నిలువుగా -2. లోలకంలా పక్కలకు బుద్ధిగా ఉంటుంది, పైకీ కిందికీ మాత్రం మాట వినదు. ఈ రెండు వరుసల అంకెలు బోర్డు మీద రాసి ఉంచండి. మీరు ఏ గ్లోబు కొనాలో ఇవే చెబుతాయి.

దానికి ముందు పెన్సిల్ బొమ్మ ఒకటి చేయించండి. అరవింద్ గుప్తా చెత్తసామాన్ల బొమ్మల్లో బాగా ప్రచారం చేసినది. పాత రబ్బరు చెప్పు అడుగులో నాలుగు రింగు అయస్కాంతాలు గుచ్చుతారు, పెన్సిల్‌కు రెండు తొడుగుతారు. పెన్సిల్ గాల్లో పడుకుని, మొన ఒక్కటీ నిలబెట్టిన సీడీ ముక్కను తాకుతూ గిరగిర తిరుగుతుంది. "ఆ సీడీ తీసేయొచ్చు కదా సార్?" అని ఎవరో ఒకరు అంటారు. తీయమనండి. ఉన్నపళంగా ముందుకు దూకి పడిపోతుంది. రెండు దిక్కుల్లో నిలకడ కొనుక్కున్నాం, మూడో దిక్కులో బాకీ పడ్డాం, ఆ బాకీ సీడీ ముక్క తీరుస్తోంది. లెక్క కుదిరింది.

ఇప్పుడు మీ గ్లోబు. బజారులో దొరికేవాటిలో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది కింద పీట, పైన తేలే వస్తువు. పీటలో పెద్ద రింగు అయస్కాంతం బరువంతా మోస్తుంది. మధ్యలో నాలుగు చిన్న కాయిల్స్, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే హాల్ సెన్సర్లు ఉంటాయి. వస్తువు పక్కకు జారబోతే సెన్సర్లు క్షేత్రంలో తేడా చూసి చెబుతాయి, ఎదురుబొదురు కాయిల్స్‌లో కరెంటు పంపి వెనక్కి తెస్తారు. అంటే కరెంటు చేసేది రెండు -1ల పని. ఎత్తడానికి కరెంటు అక్కరలేదు. రెండో రకం చంద్రవంక లాంటి చట్రం. పై కొసలో విద్యుదయస్కాంతం గ్లోబును లాగి పట్టుకుంటుంది. ఇక్కడ సరిచేయాల్సింది ఒక్క నిలువు దిక్కే. సెన్సర్ ఒకటి, ప్రధాన కాయిల్ ఒకటి. గ్లోబు దగ్గరైతే కరెంటు తగ్గించాలి, దూరమైతే పెంచాలి. పాఠానికి రెండో రకం మేలు, ఎందుకంటే పిల్లలు కూడా అలాంటిది తయారుచేయగలరు. మొదటి రకం చూడ్డానికి బావుంటుంది గానీ నాలుగు కాయిల్స్, రెండు అక్షాలు కలిసి తల తిరుగుతుంది.

"చేత్తోనే సరిచేయొచ్చు కదా, సర్క్యూట్ ఎందుకు?" అనే ప్రశ్న రాకపోతే మీరే వేయండి. ఇక్కడ ఖర్చు లేని ప్రయోగం ఉంది. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోవాలి, రెండోవాళ్ళు సున్నా దగ్గర వేళ్ళు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదలాలి. సాధారణంగా 15 నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటారు. 20 సెం.మీ. పడటానికి పట్టే కాలం సూత్రంలో వేస్తే 0.2 సెకను. అదీ మనిషి స్పందించే వేగం. తేలే వస్తువు 5 మిల్లీమీటర్లు పడటానికి ఎంత? 0.03 సెకను. మనం చూసేలోపే పని అయిపోయింది. సర్క్యూట్ సెకనుకు వందలసార్లు చూస్తుంది, అందుకే పట్టుకోగలుగుతుంది.

దీన్నే ఇంకోలా చూపించొచ్చు. చీపురుకట్టను అరచేతి మీద నిలబెట్టమనండి, కాసేపు నిలబెడతారు. అదే పెన్సిల్‌ను నిలబెట్టమనండి, ఎవరి వల్లా కాదు. పొడవు ఎక్కువైతే నెమ్మదిగా వాలుతుంది, మనకు టైము దొరుకుతుంది. చీపురుకట్ట ఆటలో ఇంకో రహస్యం కూడా ఉంది, దాన్ని వదలకండి. కట్ట ఎంత వాలిందో మాత్రమే చూసి చెయ్యి కదిపితే సరిపోదు. ఎంత వేగంగా వాలుతోందో కూడా మనం తెలియకుండానే గమనిస్తాం. సైకిల్ కొత్తగా నేర్చుకునేవాడు హ్యాండిల్ అటూ ఇటూ కొడుతూ పాములా పోయేది ఈ రెండోది ఇంకా పట్టుబడకనే. స్థానం మాత్రమే చూసే సర్క్యూట్ కడితే తేలే వస్తువు కూడా అలాగే వణికి వణికి పడిపోతుంది. వేగాన్నీ కలిపితేనే నిమ్మళిస్తుంది.

వేలాడే రకం మీ బడిలోనే కట్టాలనుకుంటే, సామాను పెద్దగా ఏం లేదు. మోటారు వైండింగ్ షాపులో దొరికే 30 గేజి ఎనామిల్ రాగి తీగ, ఒక లావు ఇనుప బోల్టు, 49ఈ అనే హాల్ సెన్సర్, దాని సంకేతాన్ని పెంచే ఎల్ఎం358 ఐసీ, కాయిల్ కరెంటును అదుపు చేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు ఒకటి, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్, 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు. వీటికి తోడు కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. సెన్సర్‌కు 5 వోల్టులు ఇస్తే క్షేత్రం లేనప్పుడు 2.5 వోల్టుల దగ్గర ఉంటుంది, అయస్కాంతం ఏ ధ్రువం చూపిస్తే ఆ వైపు జరుగుతుంది. మల్టీమీటరు పెట్టి పిల్లలకు ఇది ముందు చూపించండి. తీగ చుట్టే ముందు లెక్క వేయించండి. 500 చుట్లు, సగటు వ్యాసం 2.5 సెం.మీ. అనుకుంటే తీగ పొడవు దాదాపు 39 మీటర్లు. 30 గేజి తీగ మందం 0.315 మి.మీ. రాగి నిరోధకత వేసి చూస్తే 8.5 ఓమ్‌లు వస్తుంది. 12 వోల్టులు పెడితే 1.4 ఆంపియర్లు. 26 గేజి తీసుకుని ఉంటే కరెంటు రెట్టింపు దాటి మీ అడాప్టరు చేతులెత్తేసేది. పదో తరగతి విద్యుత్తు పాఠంలో నిరోధం సూత్రం ఎందుకు నేర్చుకున్నామో అప్పుడు తెలుస్తుంది వాళ్ళకు.

అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. సెన్సర్‌ను కాయిల్ కింద అంటిస్తాం కదా, అది తేలే అయస్కాంతంతో పాటు కాయిల్ క్షేత్రాన్ని కూడా చూస్తుంది. తన మాట తనే విని తడబడినట్టు అవుతుంది. కాయిల్ పై కొసన ఇంకో సెన్సర్ పెట్టి, రెంటి తేడా తీసుకుంటే కాయిల్ క్షేత్రం రెండు చోట్లా సమానం కాబట్టి కొట్టేసుకుపోతుంది, కింది అయస్కాంతం మాత్రమే మిగులుతుంది. నేను ఈ చిట్కా తెలియక మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఇంకో చిన్న విషయం: తేలే అయస్కాంతానికి కింద తోక లాగా ఒక పొడవాటి స్క్రూ లేదా స్ట్రా అతికిస్తే తిరగబడే గోల తగ్గుతుంది.

సోల్డరింగు, టెన్షన్ ఇవన్నీ వద్దు, కొనేదే కొంటానంటే, గ్లోబు కాకుండా విడి మాడ్యూల్ కొనండి. అంటే ఇందాకటి మొదటి రకమే: పీట, దానిమీద తేలే ఒక బిళ్ళ. పై మూత లేకుండా కాయిల్స్, బోర్డు కనిపించేది దొరికితే మరీ మంచిది. గ్లోబు మీద ఏమీ పెట్టలేం. బిళ్ళ మీద బరువులు పెట్టొచ్చు, అక్కడే ప్రయోగం మొదలవుతుంది. పీట పక్కన స్కేలు నిలబెట్టి, బరువు పెంచుతూ తేలే ఎత్తు రాయించండి, గ్రాఫు గీయించండి. సరళరేఖ రాదు. దగ్గరయ్యే కొద్దీ బలం ఎలా పెరుగుతుందో రేఖ వంపులో కనిపిస్తుంది. బరువులకు నాణేలు వాడాలనిపిస్తుంది, కానీ జాగ్రత్త. మన 1, 2 రూపాయల బిళ్ళలు అయస్కాంతానికి అతుక్కునే స్టీలువి. పసుపు రంగు 5 రూపాయల బిళ్ళలు అతుక్కోవు, అవి వాడండి. పాతవాటికీ కొత్తవాటికీ బరువులో తేడా ఉంది కాబట్టి ముందుగా తూచుకోండి. ఏ బిళ్ళ అతుక్కుంటుందో కనుక్కోమని పిల్లలకు వదిలేసినా అరపూట గడిచిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం త్రాసుది. ఎలక్ట్రానిక్ త్రాసు మీద పీట పెట్టి సున్నా చేయండి. ఇప్పుడు 150 గ్రాముల వస్తువును తేలిస్తే త్రాసు ఎంత చూపిస్తుంది? చూపించే ముందు చేతులెత్తించండి. "గాల్లో ఉంది కదా, సున్నానే" అనేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళలో టీచర్లు కూడా ఉంటారు. త్రాసు 150 చూపిస్తుంది. పీట వస్తువును ఎంత బలంతో పైకి నెడితే, వస్తువు పీటను అంతే బలంతో కిందికి నొక్కుతుంది. న్యూటన్ మూడో నియమానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూడలేదు, ఎందుకంటే ఇక్కడ రెండు వస్తువులూ తాకుకోవడం లేదు. త్రాసులో ఉక్కు భాగాలు ఉంటాయి కాబట్టి నేరుగా పెడితే అంకె తప్పుగా రావచ్చు. మధ్యలో పది సెంటీమీటర్ల ఎత్తు నోటుబుక్కుల కట్ట వేయండి. పీట అట్టపెట్టె మీద "యాంటీ గ్రావిటీ" అని ఉంటే ఈ ప్రయోగం అయ్యాక ఆ మాట మీద ఇంటూ మార్కు కొట్టమనండి. గురుత్వాకర్షణ ఎక్కడికీ పోలేదు, త్రాసు దాన్ని చూపిస్తూనే ఉంది.

తేలే వస్తువును తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతుంది. నిలువు అక్షం చుట్టూ క్షేత్రం అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ దిశలో ఆపేది దాదాపు గాలి ఒక్కటే. కాగితపు రెక్కలు అతికించి మళ్ళీ టైము చూడండి. "మరి ఇది ఎప్పటికీ తేలుతూనే ఉంటే ఫ్రీ ఎనర్జీ కాదా?" అనే ప్రశ్న వస్తుంది, తప్పక వస్తుంది. బలం ఉంది, స్థానభ్రంశం లేదు, పని సున్నా. బల్ల పుస్తకాన్ని మోస్తున్నందుకు మనం బల్లకు అన్నం పెట్టడం లేదుగా.

ఇంకొన్ని తేలే బొమ్మల గురించి కూడా అడుగుతారేమో. గిర్రున తిరుగుతూ తేలే బొంగరం, లెవిట్రాన్, గొప్ప వస్తువే. అమెరికాలో రాయ్ హారిగన్ 1983లో పేటెంటు పొందాడు. 1996లో భౌతికశాస్త్రవేత్త మైకేల్ బెర్రీ దాని లెక్క ఎలా కుదురుతుందో పత్రం రాశాడు. తిరుగుడు వల్ల బొంగరం తిరగబడదు, అక్షం క్షేత్రం దిశను అనుసరిస్తూ ఉంటుంది, అందువల్ల ఎర్న్‌షా షరతు తప్పుతుంది. కానీ క్లాసుకు తీసుకెళ్ళొద్దు. బరువు చిన్న వాషర్లతో సరిచేసుకోవాలి. ఫెర్రైటు అయస్కాంతం ఒక్కో డిగ్రీకి 0.2 శాతం బలం కోల్పోతుంది. పొద్దున కుదిరిన బొంగరం, 5 డిగ్రీలు పెరిగాక మధ్యాహ్నం కుదరదు. బొంగరం, పీట రెండూ బలహీనపడతాయి కాబట్టి 20 గ్రాముల బొంగరానికి దాదాపు 0.4 గ్రాములు తగ్గించాలి. మన ఎండల్లో పీరియడంతా వాషర్లు మార్చుకుంటూనే గడిచిపోతుంది.

పైరోలిటిక్ గ్రాఫైట్ రేకు మాత్రం కొనండి. నాలుగు నియోడిమియం ఘనాలను ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకటి విడిచి ఒకటి వచ్చేలా, చదరంగం గళ్ళలా పేర్చి, పైన పలచటి ముక్క పెడితే మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంది. కరెంటు లేదు, తిరగడం లేదు, ఏమీ లేదు. గ్రాఫైట్ డయామాగ్నెటిక్ పదార్థం, అంటే ఏ ధ్రువాన్నయినా కాస్త వికర్షిస్తుంది. ఎర్న్‌షా నియమం అలాంటివాటికి వర్తించదు. నీళ్ళకూ ఈ గుణం ఉంది. స్ట్రాకు రెండు కొసలా రెండు ద్రాక్షపళ్ళు గుచ్చి దారంతో వేలాడదీసి, బలమైన అయస్కాంతం దగ్గరికి తెస్తే మెల్లగా దూరం జరుగుతాయి. ఫ్యాను ఆపి చేయాలి, ఓపిక కావాలి. ఈ బలంతోనే 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెకన్‌లో ఆండ్రే గైమ్ బృందం 16 టెస్లాల క్షేత్రంలో బతికున్న కప్పను తేలించింది. దానికి 2000లో గైమ్, బెర్రీలకు ఇగ్ నోబెల్ వచ్చింది, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి. అదే గైమ్‌కు 2010లో గ్రాఫీన్ పనికి అసలు నోబెల్ వచ్చింది. కప్ప కథ పిల్లలు ఎన్నడూ మర్చిపోరు.

మన రాష్ట్ర సిలబస్ పాత పదో తరగతి పుస్తకంలో విద్యుదయస్కాంతత్వం పాఠంలో ఒక కృత్యం ఉండేది, మీరు చెప్పే ఉంటారు. ఇనుప స్తూపం మీద తీగచుట్ట, దానిమీద లోహపు రింగు. ఏసీ ఇస్తే రింగు గాల్లో నిలుస్తుంది, డీసీ ఇస్తే ఒక్కసారి ఎగిరి పడుతుంది. చాలా బళ్ళలో అది చదవడమే గానీ చేయడం లేదు. 230 వోల్టులతో పిల్లల చేత చేయించొద్దు కూడా. దాని బదులు ఏసీ మెకానిక్ దగ్గర అర మీటరు రాగి గొట్టం ముక్క అడిగి తెచ్చుకోండి. లోపల సరిగ్గా పట్టే నియోడిమియం అయస్కాంతం జారవిడిస్తే, 0.3 సెకనులో పడాల్సింది పడవ దిగినట్టు తాపీగా దిగుతుంది. పైనుంచి కన్ను పెట్టి చూడమనండి. ప్రేరిత కరెంటు తనను పుట్టించిన మార్పునే అడ్డుకుంటుందనే లెంజ్ నియమం అక్కడే ఉంది. ఇంటర్ పిల్లలకైతే ఆ ఏసీ రింగు గురించి ఒక మాట చేర్చండి. లెంజ్ నియమం ఒక్కటే దాన్ని నిలబెట్టదు. రింగుకు స్వయంప్రేరణ ఉండి దాని కరెంటు కాస్త వెనకబడటం వల్లే సగటున పైకి బలం మిగులుతుంది. వెనకబాటు లేకపోతే సగటు సున్నా.

రైళ్ళ గురించి అడక్కుండా ఏ క్లాసూ ముగియదు. షాంఘైలో 30 కిలోమీటర్ల మాగ్లెవ్, అంటే అయస్కాంతాలతో తేలే రైలు, మీ చంద్రవంక గ్లోబుకు పెద్దన్న. రైలు చేతులు పట్టా కిందికి చుట్టుకుని, విద్యుదయస్కాంతాలు పైకి లాగి పట్టుకుంటాయి. సందు ఒక సెంటీమీటరు దగ్గర ఉంటుంది, అది కూడా మీ గ్లోబులాగే క్షణక్షణం సరిచేసుకుంటూ పోవాల్సిందే. కరెంటు పోతే పడకుండా రైల్లో బ్యాటరీలు ఉంటాయి. జపాన్‌ది వేరు. రైల్లో అతివాహక (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారే) అయస్కాంతాలు, పక్క గోడల్లో కాయిల్స్. రైలు పరుగెత్తితేనే వాటిలో కరెంటు ప్రేరితమై రైలును పది సెంటీమీటర్లు ఎత్తుతుంది. అంటే రాగి గొట్టానికి బంధువు. అందుకే గంటకు 150 కి.మీ. దాకా రబ్బరు చక్రాల మీదే నడుస్తుంది. 2015 ఏప్రిల్ 21న అది 603 కి.మీ. వేగం అందుకుంది. ముంబై, అహ్మదాబాద్ బుల్లెట్ రైలు కూడా ఇలా తేలుతుందని పిల్లలు అనుకుంటారు. కాదు, అది పట్టాల మీద చక్రాలతో నడిచే జపాన్ షింకన్‌సెన్ రైలు రకం.

ఇక జాగ్రత్తలు. నియోడిమియం అయస్కాంతాలు పిల్లలకు ఇచ్చి బయటికి వెళ్ళకండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని పేగును చిల్లి చేస్తాయి. మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. పేస్‌మేకర్ ఉన్న టీచర్లు దగ్గరికి రాకూడదు. రెండు పెద్దవి ఒక్కసారిగా తగులుకుంటే పెంకులు లేస్తాయి, వేళ్ళు నలుగుతాయి. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, కాబట్టి సోల్డరింగ్ ఐరన్ దగ్గర పెట్టకండి. స్టాఫ్‌రూములో రేకు బల్ల, బీరువా పక్కన పీట పెడితే క్షేత్రం వంకరపోయి వస్తువు నిలవదు, చెక్క బల్ల కావాలి. తేలించేటప్పుడు రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, పైనుంచి మెల్లగా దించండి. చేతిలో బరువు తగ్గిన చోట రెండు సెకన్లు ఆగి, ఒకేసారి వదలండి. మొదటి రోజు ఇరవైసార్లు అతుక్కుంటుంది, మామూలే. పీట మీద పలచటి స్పాంజి ముక్క వేస్తే పగలదు. వస్తువు మధ్యలోంచి తప్పి ఒక వైపు వాలి తేలుతుంటే కాయిల్స్ అదేపనిగా కరెంటు తాగి వేడెక్కుతాయి. చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి.

డబ్బు విషయానికొస్తే, మీ 3,000లో ముందు రింగు అయస్కాంతాలు, గ్రాఫైట్ రేకు, రాగి గొట్టం తెచ్చుకోండి, పెద్ద మొత్తం కాదు. మిగిలినదాంతో మాడ్యూల్ చూడండి. అమ్మేవాళ్ళను బిళ్ళ ఎంత బరువు మోస్తుందని అడగండి, గ్రాముల్లో చెప్పలేనివాళ్ళ దగ్గర కొనకండి. 12 వోల్టుల అడాప్టరు ఇంకోటి విడిగా తీసుకోండి. నా దగ్గర రెండుసార్లూ ముందు పాడైంది అదే.